పాల అలర్జీ పసిబిడ్డ శరీరంలో ఏం చేస్తుంది: చిత్తూరు నుంచి ఒక తండ్రి అడిగిన ప్రశ్నకు సమాధానం

మీరు రాసిన వివరాల మీదే నా సమాధానమంతా ఆధారపడి ఉంది కనుక ముందుగా వాటిని క్లుప్తంగా తిరిగి చెబుతాను. మీ బాబుకు ఎనిమిదో నెల నడుస్తోంది. ఆరో నెల దాకా తల్లిపాలు తప్ప మరేమీ పెట్టలేదు. కాణిపాకంలో అన్నప్రాసన చేసి పాయసం నాకించిన పది నిమిషాల్లోనే పెదవులు వాచి, వీపు మీద, పొట్ట మీద దద్దుర్లు లేచాయి, ఒక వాంతి అయింది, గంటన్నరలో అన్నీ సర్దుకున్నాయి. అవ్వ గారు వేడి చేసిందన్నారు. కొన్ని వారాల తరవాత గేదెపెరుగు కలిపిన మెత్తటి అన్నం రెండు ముద్దలు పెడితే అవే లక్షణాలు మళ్ళీ వచ్చాయి, ఈసారి వాటికి తోడు ఆగని దగ్గు. బాబుకు మూడో నెల నుంచీ బుగ్గల మీద, మోచేతి మడతల్లో ఎగ్జిమా, అంటే దురదతో ఎర్రబడి పొరలు లేచే చర్మవ్యాధి ఉంది. అసలు లోపల ఏం జరుగుతోంది, పక్కింటివారు చెప్పినట్లు ఇది పాలు అరగకపోవడమేనా, మేకపాలో పుంగనూరు ఆవుపాలో పట్టవచ్చా, లడ్డూ ప్రసాదం పెట్టవచ్చా, ఇది ఎప్పటికైనా పోతుందా అని అడిగారు.

బిడ్డను చూడకుండా నిర్ధారణ చేయడం సరికాదు. అయినా ఇన్నేళ్ళుగా తిరుపతిలో పిల్లల వైద్యం చేస్తూ ఇలాంటి బిడ్డలను చూసినవాడిగా చెబుతున్నాను: మీరు వర్ణించినది వెంటనే బయటపడే రకం పాల అలర్జీకి అచ్చంగా సరిపోతుంది. రెండోసారి దగ్గు రావడమంటే ప్రతిచర్య చర్మాన్ని, కడుపును దాటి శ్వాసనాళాల దాకా వెళ్ళిందని అర్థం. కాబట్టి పరీక్ష పూర్తయ్యేదాకా ఇంట్లో మూడోసారి ఒక్క చుక్క కూడా పెట్టి చూడవద్దని మిమ్మల్ని వేడుకుంటున్నాను.

ముందుగా పక్కింటివారి మాట సంగతి. పాలలో లాక్టోజ్ అనే చక్కెర ఉంటుంది, ప్రొటీన్లు కూడా ఉంటాయి. చక్కెరను అరిగించే లాక్టేజ్ అనే ఎంజైము చిన్నపేగు గోడల్లో తయారవుతుంది. అది తగ్గినప్పుడు అరగని చక్కెర పెద్దపేగుకు చేరి, అక్కడి సూక్ష్మజీవుల వల్ల పులిసి, కడుపుబ్బరం, గ్యాసు, నీళ్ళ విరేచనాలు వస్తాయి. మన దక్షిణాదిలో పెద్దవాళ్ళలో ఇది చాలా మామూలు. ఇబ్బందే గానీ ప్రాణానికి ముప్పు లేదు, రోగనిరోధక వ్యవస్థకు ఇందులో పాత్ర లేదు. గ్లాసు పాలు తాగితే కడుపు ఉబ్బరిస్తుంది, పెరుగన్నం మాత్రం హాయిగా అరుగుతుంది అనే పెద్దవాళ్ళందరూ దాదాపుగా ఈ కోవకు చెందినవారే, ఎందుకంటే తోడు వేసినప్పుడు పెరుగులోని బాక్టీరియా ఆ చక్కెరలో కొంత భాగాన్ని ముందే ఖర్చు చేసేస్తుంది. పుట్టుకతోనే లాక్టేజ్ లేని బిడ్డలు అత్యంత అరుదు. పసిబిడ్డల్లో అది తగ్గేది ఎక్కువగా పెద్ద విరేచనాల జబ్బు తరవాత, అదీ కొద్ది వారాలపాటే. దద్దుర్లు, పెదవుల వాపు, దగ్గు లాక్టోజ్ వల్ల రావు. మీ బాబుకు పెరుగుతో కూడా వచ్చిందంటే సమస్య చక్కెరది కాదు, ప్రొటీన్లదే.

వంద మిల్లీలీటర్ల ఆవుపాలలో సుమారు 3.2 గ్రాముల ప్రొటీన్లు ఉంటాయి. వాటిలో దాదాపు 80 శాతం కేసీన్, అంటే పాలు విరిచినప్పుడు గడ్డకట్టే భాగం. మిగిలిన 20 శాతం విరిగిన నీటిలో ఉండిపోయే వే ప్రొటీన్లు, వాటిలో ముఖ్యమైనది బీటా లాక్టోగ్లోబులిన్. మామూలు బిడ్డ పేగు ఇలాంటి పరాయి ప్రొటీన్లను ఆహారంగా గుర్తించి ఊరుకుంటుంది. అలర్జీ ఉన్న బిడ్డ శరీరం వాటిని శత్రువులుగా ఎంచి, ఒక్కోదానికి ప్రత్యేకంగా ఐజీఈ అనే ప్రతిరక్షకాలను తయారు చేసుకుంటుంది. ఆ ప్రతిరక్షకాలు చర్మంలోనూ, పేగు గోడల్లోనూ, శ్వాసనాళాల్లోనూ ఉండే మాస్ట్ కణాలనే రక్షణ కణాలకు అతుక్కుని ఎదురుచూస్తూ ఉంటాయి. మళ్ళీ పాలు లోపలికి వెళ్ళి ఆ ప్రొటీన్లు వాటికి తగిలిన క్షణంలో మాస్ట్ కణాలు హిస్టమిన్‌ను, మరికొన్ని రసాయనాలను ఒక్కసారిగా విడుదల చేస్తాయి. మీ బాబుకు పది నిమిషాల్లో కనిపించినదంతా ఆ రసాయనాల పనే. సాధారణంగా ఈ రకం ప్రతిచర్య కొన్ని నిమిషాల నుంచి రెండు గంటల లోపల మొదలవుతుంది.

పాయసం అదే మొదటిసారి కదా, మరి శరీరం ప్రతిరక్షకాలను ఎప్పుడు తయారు చేసుకుందన్న సందేహం మీకు రావచ్చు. తల్లి తాగిన పాలలోని ప్రొటీన్లు అతి సూక్ష్మ పరిమాణంలో తల్లిపాలలోకి వస్తాయి. పుట్టిన మొదటి రోజుల్లో ఎవరైనా డబ్బాపాలు పట్టి ఉండవచ్చు, ఆ సంగతి ఇంట్లో ఎవరికీ గుర్తుండదు. ఇంకొక దారి చర్మం. ఎగ్జిమా వల్ల పగిలి, పొరలు లేచిన చర్మం గుండా ఆహారపు ప్రొటీన్లు లోపలికి చేరితే, నోటి ద్వారా చేరినప్పటిలా శరీరం వాటిని మన్నించదని, అలర్జీవైపు మళ్ళుతుందని ఇప్పుడు వైద్యులు భావిస్తున్నారు. మన ఇళ్ళలో బిడ్డకు మీగడ రాసి, శనగపిండితో నలుగు పెట్టి స్నానం చేయించే అలవాటు ఉంది. ఆరోగ్యమైన చర్మం మీద దాని గురించి నేను వాదించను. ఎగ్జిమా ఉన్న బిడ్డకు మాత్రం మీగడ, పాలు, శనగపిండి, వేరుశనగ నూనె ఏదీ ఒంటికి రాయవద్దు. వాసన లేని మాయిశ్చరైజర్ రోజుకు రెండు పూటలా రాయండి, ఎగ్జిమాకు డాక్టరు రాసిన మందు భయపడకుండా వాడండి.

ఆ రసాయనాలు ఒక్కో అవయవంలో ఒక్కో పని చేస్తాయి. చర్మంలోని సన్నని రక్తనాళాలు వెడల్పై, వాటి గోడల నుంచి ద్రవం ఊరి, దోమ కుట్టినట్లు ఉబ్బిన దద్దుర్లు, విపరీతమైన దురద వస్తాయి. కనురెప్పలు, పెదవుల వంటి మెత్తటి చోట్ల అదే ద్రవం చేరితే వాపు. పేగుల్లో కండరాలు బిగుసుకుని వాంతి, కడుపునొప్పి, విరేచనం. ముక్కు కారడం, తుమ్ములు చిన్నవిగా కనిపించినా, గొంతు బొంగురుపోవడం, ఏడుపు శబ్దం మారడం, ఆగని దగ్గు, పిల్లికూతలు మాత్రం శ్వాసమార్గం ఇరుకవుతోందనడానికి గుర్తులు. చివరగా శరీరమంతటా రక్తనాళాలు ఒకేసారి సడలితే రక్తపోటు పడిపోతుంది. మాటలు రాని బిడ్డ కళ్ళు తిరుగుతున్నాయని చెప్పలేడు; పాలిపోతాడు, మెత్తబడి చేతుల్లో వాలిపోతాడు, పిలిస్తే చూడడు. శ్వాసమార్గం ఇరుకైనా, ఇలా రక్తపోటు పడిపోయినా ఆ ప్రాణాపాయ స్థితిని అనాఫిలాక్సిస్ అంటారు. దద్దుర్లు లేకుండా కూడా ఇది రావచ్చు. పోయినసారి తేలిగ్గా పోయింది కనుక ఈసారీ అలాగే పోతుందని అనుకోవడానికి లేదు. అప్పటికి జ్వరమో జలుబో ఉన్నా, పెద్ద పిల్లల్లో తిన్న వెంటనే పరుగెత్తి ఆడినా, ఉబ్బసం అదుపులో లేకపోయినా అంతే పరిమాణం పాలకు ప్రతిచర్య మరింత పెద్దది కావచ్చు.

అలా జరిగితే ప్రాణం నిలిపే మందు అడ్రినలిన్ ఒక్కటే. తొడ మధ్యభాగంలో, బయటివైపు కండరంలోకి ఇవ్వాలి. మోతాదు కిలో బరువుకు 0.01 మిల్లీగ్రాము. విదేశాల్లో దీనికి పెన్ను ఆకారంలో సిద్ధపు ఇంజెక్షన్లు ఉంటాయి, మన ఊళ్ళలో అవి తేలిగ్గా దొరకవు. అందువల్ల మీ డాక్టరుతో మాట్లాడి, మీ బాబు బరువుకు తగిన మోతాదు కాగితం మీద రాయించుకుని, ఆంప్యూల్ (మందు ఉండే చిన్న గాజు బుడ్డి), సిరంజి వాడే పద్ధతిని ఆయన ఎదుటే నేర్చుకోవడం గురించి అడగండి. సెట్రిజిన్ వంటి సిరప్ దద్దుర్ల దురదను తగ్గిస్తుంది, అంతే; గొంతు వాపును గానీ పడిపోయే రక్తపోటును గానీ అది ఆపలేదు. సిరప్ పట్టి చూద్దామని కూర్చోవడంలోనే విలువైన నిమిషాలు పోతాయి.

ఇంకొక విషయం ప్రతి ఇంటివారికీ చెబుతుంటాను. బిడ్డ ఏడ్చినా దగ్గినా మనవాళ్ళు వెంటనే భుజాన నిలువుగా వేసుకుని వీపు తడుతూ తిప్పుతారు. పాలిపోయి మెత్తబడిన బిడ్డను అలా నిలువుగా ఎత్తితే గుండెకు తిరిగి చేరవలసిన రక్తం ఇంకా తగ్గిపోతుంది. చేతుల మీదే వెల్లకిలా పడుకోబెట్టి పట్టుకోవాలి. వాంతి అవుతుంటే పక్కకు తిప్పాలి. ఆయాసం ఎక్కువగా ఉండి పడుకోలేకపోతుంటే కూర్చోబెట్టవచ్చు. వెంటనే 108కి ఫోన్ చేయండి, ఆసుపత్రికి చేరాక లక్షణాలు తగ్గినా కొన్ని గంటలు అక్కడే ఉండండి, ఎందుకంటే కొందరిలో అన్నీ తగ్గిన తరవాత కొన్ని గంటలకు రెండో విడత వస్తుంది.

ఇప్పటిదాకా చెప్పినదంతా మీ బాబులో కనిపించిన రకం. ఐజీఈ ప్రమేయం లేకుండా ఆలస్యంగా బయటపడే రకాలూ ఉన్నాయి, ఈ సమాధానం చదివే ఇతర తల్లిదండ్రుల కోసం వాటి గురించీ రాస్తున్నాను. తల్లిపాలు తాగుతూ, చక్కగా బరువు పెరుగుతూ, నవ్వుతూ ఉన్న రెండు మూడు నెలల బిడ్డ విరేచనంలో జిగటతో పాటు ఎర్రటి రక్తపు చారలు కనిపించడం ఒకటి. పెద్దపేగు చివరి భాగం పొర వాయడం వల్ల ఇలా అవుతుంది, తల్లి పాల పదార్థాలన్నీ మానితే చాలావరకు కొద్ది రోజుల నుంచి రెండు వారాల్లో తగ్గుతుంది. పాలు తాగిన ఒకటి నుంచి నాలుగు గంటల తరవాత ఆపకుండా వాంతులై, బిడ్డ బూడిద రంగుకు మారి, చలనం తగ్గి సోలిపోవడం ఇంకొకటి. దీన్ని ఎఫ్‌పైస్ అంటారు. దద్దుర్లు గానీ పిల్లికూతలు గానీ ఉండవు కాబట్టి దీన్ని తరచు రక్తంలో ఇన్ఫెక్షన్‌గా పొరబడుతుంటారు. వాంతులకు ఒకటి నుంచి నాలుగు గంటల ముందు బిడ్డ ఏం తిన్నాడో డాక్టరుకు మీరే చెప్పాలి. దీనికి తక్షణ చికిత్స సెలైన్, అడ్రినలిన్ కాదు.

మూడోది నిశ్శబ్దంగా నష్టం చేసే రకం. చిన్నపేగు లోపలి పొర మీద ఆహారాన్ని పీల్చుకునే సన్నని మొటిమల వంటి నిర్మాణాలు పాల ప్రొటీన్ల వల్ల కలిగే వాపుతో అరిగి మొద్దుబారుతాయి. నెలల తరబడి విరేచనాలు, బరువు పెరగకపోవడం, రక్తహీనత, ప్రొటీన్లు పేగు ద్వారా కారిపోయి ఒళ్ళు నీరు పట్టడం దాని ఫలితాలు. నా దృష్టిలో ఎక్కువ ఆలస్యంగా గుర్తింపు పొందేది ఇదే, ఎందుకంటే బక్కచిక్కిన బిడ్డకు బలం కోసమని మనం మరిన్ని పాలు పడతాం.

మీ బాబు విషయానికి తిరిగి వస్తే, తల్లిపాలు ఆపవద్దు. తల్లిపాలు తాగిన తరవాత బాబుకు ఏ లక్షణమూ రాకపోతే, ఆమె తన పెరుగన్నం మానవలసిన అవసరం సాధారణంగా ఉండదు. ఎగ్జిమా మొండిగా ఉంటే రెండు నుంచి నాలుగు వారాలు మాని చూసి, తిరిగి మొదలుపెట్టినప్పుడు తేడా వస్తుందో లేదో డాక్టరు పర్యవేక్షణలో గమనించవచ్చు. తల్లి ఊరికే నెలల తరబడి పథ్యం ఉండటం వల్ల ఆమె ఎముకలకు నష్టమే తప్ప బిడ్డకు లాభం లేదు.

మేకపాలు, గొర్రెపాలు, గేదెపాలు పనికిరావు. వాటి కేసీన్ ఆవు కేసీన్‌కు ఎంత దగ్గరగా ఉంటుందంటే, ఆవుపాల అలర్జీ ఉన్న పిల్లల్లో నూటికి తొంభై మందికి పైగా మేకపాలకూ ప్రతిచర్య చూపుతారు. పుంగనూరు ఆవు మన ప్రాంతపు గర్వకారణం, దాని పాలలో వెన్న ఎక్కువ, కానీ పాల అలర్జీకి కారణం వెన్న కాదు. నాటు ఆవుల పాలను ఏ2 పాలు అని పిలిచి వీటికి అలర్జీ రాదని అమ్మేవారున్నారు. ఏ1, ఏ2ల మధ్య తేడా బీటా కేసీన్‌లోని ఒకే ఒక్క అమైనో ఆమ్లం, మిగతా కేసీన్ అంతా, బీటా లాక్టోగ్లోబులిన్ అంతా అలాగే ఉంటాయి. వీధుల్లోకి తోలుకొచ్చి పితికి ఇచ్చే గాడిదపాలలో ప్రొటీన్ల పోలిక తక్కువే, కొందరు అలర్జీ పిల్లలు వాటిని తట్టుకుంటారు కూడా. అయినా కాచకుండా పట్టే పాలతో ఇన్ఫెక్షన్ భయం ఉంది, కొవ్వు చాలా తక్కువ కనుక బిడ్డ ఎదుగుదలకు చాలవు. మీరు వాటి జోలికి పోవద్దు. తల్లిపాలు చాలని పక్షంలో, ప్రొటీన్లను బాగా చిన్న ముక్కలుగా విడగొట్టిన ప్రత్యేక డబ్బాపాలు, అవీ పడకపోతే అమైనో ఆమ్లాలతో చేసినవి డాక్టరు రాస్తారు. ఖరీదైనవే, కానీ వాటికి బదులుగా బియ్యపు పాలు, కొబ్బరిపాలు, బాదంపాలు ఏడాదిలోపు బిడ్డకు ప్రధాన ఆహారం కాజాలవు. సోయా డబ్బాపాలు ఆరు నెలలు దాటాక కొందరికి పనికొస్తాయి, కొందరికి సోయా కూడా పడదు.

బాగా మరిగిస్తే దోషం పోదా అని చాలామంది అడుగుతారు. బీటా లాక్టోగ్లోబులిన్ చుట్టిన నూలు ఉండలా ఉంటుంది. వేడికి విడిపోయి ఆకారం మారితే ప్రతిరక్షకం దాన్ని గుర్తుపట్టలేకపోవచ్చు. కేసీన్ మొదటి నుంచీ విడిదారమే, ఎంత మరిగించినా మారేది స్వల్పం. అందుకే గంటసేపు కాగిన పాయసమూ, కోవా, జున్ను, పెరుగు, మజ్జిగ ఏదీ సురక్షితం కాదు. పిండిలో కలిపి ఓవెన్‌లో అరగంట పాటు ఎక్కువ వేడికి కాల్చిన కేకు, మఫిన్ వంటివాటిని అలర్జీ పిల్లల్లో సుమారు డెబ్బై నుంచి డెబ్బై అయిదు శాతం మంది తట్టుకోగలరన్నది నిజం. అది ఎవరు తట్టుకోగలరో తేల్చే మొదటి ప్రయత్నం ఆసుపత్రిలోనే జరగాలి.

ఇక లడ్డూ. తిరుమల లడ్డూలో శనగపిండి, చక్కెర, జీడిపప్పు, ఎండుద్రాక్ష, యాలకులతో పాటు పుష్కలంగా నెయ్యి ఉంటుంది. నెయ్యిలో లాక్టోజ్ దాదాపు ఉండదు కనుక పాలు అరగని పెద్దలు నిశ్చింతగా తినవచ్చు. కాచిన నెయ్యి అడుగున మిగిలే గసిలోనూ, కొంత నెయ్యిలోనూ పాల ప్రొటీన్లు ఉంటాయి కనుక మీ బాబుకు ఇప్పుడు పెట్టకూడదు. బిడ్డ పేరున పెద్దలు కళ్ళకద్దుకుని తింటే చాలు, అందులో ఏ లోపమూ లేదు. పంచామృతం, అభిషేకపు పాలు తీర్థంగా చేతిలో పోసేటప్పుడు కూడా జాగ్రత్త అవసరం. ఎగ్జిమా ఉన్న ఒక పాప అరచేయి పంచామృతం తాకిన చోటల్లా నిమిషాల్లో వరుసగా ఉబ్బి, అదే చేత్తో కన్ను నలుపుకుంటే కనురెప్ప మూసుకుపోయేంత వాచడం నేను కళ్ళారా చూశాను. గృహప్రవేశంలో పాలు పొంగించే గదిలో ఆవిరితో గాలిలోకి చేరిన ప్రొటీన్లకే కొందరు ఉబ్బసపు పిల్లలకు పిల్లికూతలు వస్తాయి.

ప్యాకెట్ల విషయంలో, పాలు కలిసి ఉంటే ఆ సంగతి అలర్జీ సమాచారంగా ముద్రించాలని మన ఆహార భద్రతా సంస్థ నిబంధన ఉంది. కేసీనేట్, వే పౌడర్, మిల్క్ సాలిడ్స్, బటర్ అన్న పేర్లు కనిపిస్తే పక్కన పెట్టండి. బిస్కెట్లు, బ్రెడ్డు, పసిపిల్లల గంజిపొడులు చాలావాటిలో పాలపొడి ఉంటుంది.

నిర్ధారణకు మీరు చెప్పే వృత్తాంతమే మొదటి ఆధారం. తరవాత చర్మపరీక్ష: ముంజేతి మీద పాల సారం చుక్క వేసి, సన్నని మొనతో చర్మం పైపొరను మాత్రమే గుచ్చి, పావుగంట తరవాత లేచిన ఉబ్బును స్కేలుతో కొలుస్తారు, మూడు మిల్లీమీటర్లు లేదా అంతకు మించితే శరీరంలో పాలకు ప్రతిరక్షకాలు ఉన్నట్లు. లేదా రక్తంలో ఐజీఈ కొలుస్తారు. వృత్తాంతం లేకుండా పరీక్ష ఒక్కటే పాజిటివ్ వస్తే దాన్ని అలర్జీ అనకూడదు. ఐజీజీ అనే వేరే రకం ప్రతిరక్షకం పేరుతో వందల ఆహారాలకు చేసే ఖరీదైన రక్తపరీక్షలు అలర్జీని తేల్చలేవు, వాటికి డబ్బు ఖర్చు పెట్టకండి.

పాలు లేకుండా ఎదుగుదల ఎలా అన్న దిగులు సహజం. ఒకటి నుంచి మూడేళ్ళ బిడ్డకు రోజుకు 500 మిల్లీగ్రాముల కాల్షియం కావాలి. మన సంగటి రాగుల్లో వంద గ్రాములకు సుమారు 350 మిల్లీగ్రాములు ఉంటుంది, అదే బరువు ఆవుపాలలో ఉండేది 120 మాత్రమే. అయితే కాల్షియాన్ని పట్టి ఉంచే ఫైటేట్లు అనే పదార్థాలు రాగుల్లో ఉండటం వల్ల అందులో కొంతే ఒంటికి పడుతుంది. మొలకెత్తించి ఆరబెట్టి పిండి చేస్తే కొంత మెరుగు. పాలు కలపకుండా నీళ్ళతో కాచిన రాగిజావ, పప్పు, మెత్తగా ఉడికిన మునగాకు పెట్టండి. నువ్వులు, వేరుశనగ మంచివే, కానీ అవి కూడా అలర్జీ కారకాలు కనుక ఎగ్జిమా ఉన్న మీ బాబుకు ఏ కొత్త పదార్థమైనా విడిగా, పగటిపూట, కొద్దిగా మొదలుపెట్టాలి. గుడ్డు, మాంసం తినని ఇల్లయితే విటమిన్ బి12 దాదాపుగా పాల నుంచే వస్తుంది. అది పోతుంది కనుక చుక్కల రూపంలో ఇవ్వాలి. విటమిన్ డి 400 యూనిట్లు, అవసరమైతే కాల్షియం సిరప్ డాక్టరు రాస్తారు. బరువు, పొడవు ప్రతి నెలా కొలిచి ఎదుగుదల పటం మీద గుర్తించడం ఎప్పుడూ మానవద్దు.

చివరి ప్రశ్నకు నా జవాబు ఆశతోనే ఇస్తున్నాను. పాల అలర్జీ ఉన్న పిల్లల్లో ఎక్కువమందికి అది బడి వయసు నాటికి, కొందరికి ఇంకా ఆలస్యంగా తగ్గిపోతుంది. ఆలస్యపు రకాలు మరింత త్వరగా, తరచు రెండు మూడేళ్ళలోపే పోతాయి. ఐజీఈ బాగా ఎక్కువ ఉన్నవారికి, ఉబ్బసం తోడైనవారికి కొంత ఎక్కువ కాలం పడుతుంది. ఆరు నెలలకో ఏడాదికో ఒకసారి పరీక్ష చేసి, ఐజీఈ తగ్గుతున్నట్లు కనిపిస్తే, సెలైన్, అడ్రినలిన్ సిద్ధంగా ఉన్న ఆసుపత్రిలో చుక్కతో మొదలుపెట్టి విడతలవారీగా పాలు పెంచుతూ పట్టి చూస్తారు. మీకు చిత్తూరు నుంచి తిరుపతి రుయా, స్విమ్స్ ఆసుపత్రులు అందుబాటులోనే ఉన్నాయి, వెల్లూరు సీఎంసీ ఆసుపత్రి కూడా దగ్గరే. ముందుగా ఫోన్ చేసి పిల్లల అలర్జీ పరీక్ష ఎక్కడ చేస్తున్నారో కనుక్కోండి. వెళ్ళేటప్పుడు పాయసం రోజూ, పెరుగన్నం రోజూ ఏం, ఎంత పెట్టారో, ఎన్ని నిమిషాలకు ఏం కనిపించిందో వరుసగా రాసిన కాగితం, దద్దుర్ల ఫోటోలు ఉంటే అవి, ఇప్పటిదాకా వాడిన మందుల చీటీలు తీసుకువెళ్ళండి. చర్మపరీక్షకు ముందు అలర్జీ సిరప్ ఎన్ని రోజులు ఆపాలో కూడా ఆ ఫోన్‌లోనే అడగండి.